పూజగూట్లో పెట్టిన హార్డ్ డిస్కు

నన్ను ఎవరూ రిటైర్ చేయలేదు. నా కళ్ళే చేశాయి. మదర్‌బోర్డు మీద ఆవగింజంత స్క్రూ బిగించబోయి మూడుసార్లు జారవిడిచాను. నాలుగోసారి నేల మీద పాకుతూ వెతికే ఓపిక లేక, స్క్రూడ్రైవరు సంచిలో వేసుకుని ఇంటికొచ్చేశాను. శాలువా లేదు, దండ లేదు, "వారు లేని లోటు తీరనిది" అని ఎవరూ మైకు పట్టుకోలేదు. మా ఆవిడ మాత్రం, "ఇంగనన్నా ఇంట్లో ఫ్యాన్లు చూస్తావా?" అని అడిగింది. ముప్పై ఏళ్ళుగా ఆ ప్రశ్న దాచుకుని ఉంది పాపం.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "సార్, మీ అనుభవం నాలుగు మాటలు చెప్పండి" అంటారు. నేను ఎక్కిన మెట్ల గురించి చెబుదామంటే మెట్లేమీ లేవు. చేరినప్పుడూ మెకానిక్కే, మానినప్పుడూ మెకానిక్కే. ఏ పార్టు ఎలా విప్పాలో మీకు వీడియోలు చూపిస్తాయి, నాకన్నా బాగా చూపిస్తాయి కూడా. వీడియోలు చెప్పనిది ఒకటుంది. ఈ పనిలో చేతులు చేసే తప్పుల కంటే నోరు చేసే తప్పులు ఎక్కువ. నేను చేసినవాటిలో అన్నిటికన్నా పెద్దది ఇక్కడ రాస్తున్నాను. దాన్లో నేనేమీ గొప్పగా కనిపించను. ముందే చెబుతున్నాను.

ఖాదర్ సార్ నోటుబుక్కు

నాకు పని నేర్పింది ఖాదర్ సార్. కర్నూలు పాత ఊళ్ళో ఆయనది చిన్న సర్వీసు షాపు. టైపు మిషన్లు బాగుచేసే కుటుంబం. కాలం మారాక ఆయన కంప్యూటర్ల వైపు మళ్ళారు. కోపం వస్తే ఆయనకు తెలుగు పోయి ఉర్దూ వచ్చేది. మరీ కోపం వస్తే రెండూ పోయేవి. అప్పుడు మేము టీ తెప్పించి ఆయన ముందు పెట్టి, చప్పుడు చేయకుండా పని చేసుకునేవాళ్ళం.

ఆయన షాపులో ఒకే ఒక్క రూలు. ప్రతి మెకానిక్కు దగ్గరా ఒక పొడుగాటి నోటుబుక్కు ఉండాలి. కంప్యూటరు తెరవకముందు దాంట్లో ఏమేం ఉన్నాయో రాయాలి. మూసేశాక కస్టమర్‌తో ఏం మాట్లాడామో రాయాలి. మొదటిది నాకు అర్థమైంది. రెండోది ఎందుకో తెలియక ఒకరోజు అడిగాను.

"చేసింది రాస్తా సార్, సరే. చెప్పింది కూడా ఎందుకు?"

"చేసింది మిషన్లో కనపడతాది సుబ్బరాయుడూ. చెప్పింది యాడ కనపడతాది? నీకు యాది ఉండదు, కస్టమర్‌కు ఉంటాది. రేపు వచ్చి అడిగితే నేనట్ల అన్లేదంటావు. బస్, రాయి."

రాశాను. విసుక్కుంటూ రాశాను, బస్సులో ఊగుతూ రాశాను, కోడిగీతల్లాగా రాశాను. ఖాదర్ సార్ పోయి, షాపు మూసేసి, నేను సొంతంగా ఊళ్ళు తిరగడం మొదలుపెట్టాక కూడా ఆ అలవాటు పోలేదు. అది నన్ను కాపాడిన రోజులున్నాయి. నన్ను పట్టించిన రోజు ఒకటుంది.

దుమ్ము, బొట్లు

మన సీమలో కంప్యూటరు బతకడం కష్టం. ఎండ ఒక పక్క, దుమ్ము ఒక పక్క. ఆత్మకూరులో ఒక ఎరువుల కొట్టులో సిస్టమ్ తెరిస్తే ఫ్యాను పక్కన బల్లి గుడ్లు నాలుగు వెచ్చగా ఉన్నాయి. కొట్టాయన చూసి, "పాపం, పిల్లలయ్యేదాకా ఉండనీప్పా" అన్నాడు. ఉండనిచ్చాను. వారం తర్వాత వెళ్ళి మళ్ళీ బిగించాను.

ఇంకొకటి దసరా. ఆయుధపూజ నాడు మనవాళ్ళు కత్తి, కొడవలి, ట్రాక్టరు, మోటారు సైకిలుతో పాటు కంప్యూటరుకూ పసుపు పూసి కుంకుమ పెడతారు. పెట్టనీ, మనం వద్దనకూడదు. కానీ చాలామంది పెట్టె వెనక అంటించిన స్టిక్కరు మీదే పెడతారు, అక్కడ నున్నగా ఉంటుందని. ఆ స్టిక్కరు మీదే దాని వివరాలన్నీ ఉంటాయి. మర్నాడు తడిగుడ్డతో తుడిస్తే బొట్టుతో పాటు అక్షరాలూ పోతాయి. పాతకాలం విండోస్‌లో లైసెన్సు నంబరు ఆ స్టిక్కరు మీదే ఉండేది. అలా తుడిచేసుకున్నవాళ్ళను ఎంతమందిని చూశానో చెప్పలేను. అందుకే ప్రతి దసరాకూ ముందు నా కస్టమర్లకు ఫోన్ చేసి, బొట్టు ముందువైపు పెట్టండి అని చెప్పేవాణ్ణి. ఇది నేను చెప్పిన మంచి మాటల్లో ఒకటి. ఇక చెడ్డ మాట సంగతి.

మంగంపేట కాటా

మంగంపేట దగ్గర గంగిరెడ్డి గారికి ముగ్గురాయి మిల్లు ఉంది. వాళ్ళది వ్యవసాయం చేసుకునే కుటుంబం. నిమ్మతోటలు ఉండేవి. ఆయన హయాంలో మిల్లు పెట్టారు. గని నుంచి లారీల్లో రాయి వస్తుంది, మిల్లులో పొడి అవుతుంది, మళ్ళీ లారీల్లో పోతుంది. వచ్చే లారీ, పోయే లారీ అన్నీ గేటు దగ్గర కాటా ఎక్కాలి. కాటా బరువు పక్క గదిలోని కంప్యూటరుకు వస్తుంది. అక్కడ చీటీ ప్రింటవుతుంది. ఆ గదిలో కూర్చునే గుమాస్తా పేరు ఓబులేసు. సన్నగా, పొడుగ్గా, చెవి వెనక పెన్సిలుతో ఉంటాడు. మాట తక్కువ. పొద్దునా సాయంత్రం గోడలోని పూజగూట్లో దీపం పెట్టి, గూటికి తాళం వేసి, ఆ తాళంచెవి మొలతాడుకు కట్టుకుంటాడు.

ఒకరోజు ఆ కంప్యూటరు లేవలేదు. వెళ్ళి చూస్తే హార్డ్ డిస్కు చచ్చిపోయి ఉంది. పగలంతా లారీలు దడదడలాడుతుంటే అది అన్నాళ్ళు బతకడమే ఎక్కువ. లోపల కదిలే భాగాలు లేని కొత్తరకం డ్రైవు, ఎస్.ఎస్.డి., బిగించాను. ఇక విండోస్ ఎక్కించాలి.

ఇక్కడ నా గురించి ఒక నిజం చెప్పాలి. నా దగ్గర ఒక పెన్‌డ్రైవు ఉండేది. విండోస్‌లో హోమ్ అని చిన్న రకం, ప్రో అని పెద్ద రకం ఉంటాయి. ఎవరి సిస్టమ్ వచ్చినా ఏ రకమో అడగకుండా ప్రోనే ఎక్కించేలా ఆ పెన్‌డ్రైవును నేనే మార్చి పెట్టుకున్నాను. పెద్దది ఇస్తే కస్టమరు సంతోషిస్తాడని నా తెలివి. గంగిరెడ్డి గారి కంప్యూటరు కొన్నప్పుడే అసలైన విండోస్ హోమ్‌తో వచ్చింది. స్టిక్కరు మీద బొట్టు కింద ఆ అక్షరాలు సగం కనిపిస్తూనే ఉన్నాయి. రూలు ప్రకారం నోటుబుక్కులో 'హోమ్' అని రాసుకున్నాను కూడా. రాసుకుని, ప్రో ఎక్కించాను.

పనంతా అయింది. ప్రింటరు చీటీ కక్కింది. లారీలు కదిలాయి. అంతలో గంగిరెడ్డి గారు వచ్చి స్క్రీనుకేసి చూశారు.

"ఏమప్పా, ఆ మూలలో ఏందో రాసుండాదే?"

విండోస్‌ను యాక్టివేట్ చేయండి అని స్క్రీను మూల బూడిదరంగులో అక్షరాలు. అంటే లైసెన్సు దొరకలేదని అర్థం. ఎందుకు దొరకలేదో నాకు నిజంగా తెలియదు. తెలియదని చెప్పొచ్చు. కానీ అవతల కడప బస్సు వచ్చే టైమయింది. పైగా అన్నేళ్ళ అనుభవం ఉన్న మెకానిక్కు తెలియదంటే ఏం బాగుంటుంది?

"లైసెన్సు పాత డిస్కులో ఉండిపోయింది రెడ్డిగారూ," అన్నాను చటుక్కున. "డిస్కుతో పాటే పోయింది. అయినా దాన్ని పారేయొద్దు. జాగ్రత్తగా పెట్టుకోండి, ఎప్పుడన్నా పనికొస్తాది."

"పని నడుస్తాది గదా?"

"నడుస్తాది."

ఆయన ఆ చచ్చిన డిస్కును రెండు చేతులతో తీసుకున్నారు. ఓబులేసును పిలిచి, "ఇది గూట్లో పెట్టు. లైసెన్సు ఉండాదంట దీంట్లో" అన్నారు. నేను చేతులు దులుపుకుని బస్సెక్కాను. బస్సులో కూర్చుని, రూలు ప్రకారం, చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను.

ఆ తర్వాత రెండు దసరాలకు ఆ డిస్కుకు పసుపు పూసి, కుంకుమ పెట్టి, ఎర్రగుడ్డలో చుట్టి, కాటాకు కొట్టిన టెంకాయతో పాటు దానికీ ఒకటి కొట్టారట.

బనగానపల్లె టీచరమ్మ

బనగానపల్లెలో రూతమ్మ గారని ఒక టీచరు ఉండేవారు. వాళ్ళ నాయన చర్చిలో పాదిరి. ఆ పెంపకం వల్లనో ఏమో, ఆవిడకు ఎదురుగా ఏ కాగితం ఉన్నా మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివే అలవాటు. మందు సీసా మీది కాగితం కూడా వదలరు. ఆవిడ ల్యాప్‌టాప్ డిస్కు పోయింది. కొత్తది బిగించి, నా పెన్‌డ్రైవు తీశాను.

"లైసెన్సు పోయినట్లే మేడమ్. పాత డిస్కులోనే ఉండిపోతాది" అన్నాను. అప్పటికి ఆ మాట నాకు నోటి చివర ఉండేది.

"ఎవరు చెప్పినారు?"

"అందరూ చెప్పేదే మేడమ్."

"అందరూ యాడ చదివినారు?"

ఆవిడ తన ల్యాప్‌టాప్‌కు నా పెన్‌డ్రైవు పెట్టనివ్వలేదు. "ఎవరెవరి మిషన్లకో పెట్టింటావు, నాకొద్దు" అన్నారు. విండోస్ తయారుచేసే కంపెనీ వెబ్‌సైటు నుంచే తన బడి కంప్యూటర్లో దించుకుని, ఆవిడదే ఒక కొత్త పెన్‌డ్రైవులో వేయించారు. ఎక్కించేటప్పుడు నా పక్కన కుర్చీ వేసుకుని ప్రతి స్క్రీనూ పైకి చదివారు. కీ నంబరు అడిగిన చోట నేను ఆగాను.

"కింద చూడప్పా. 'నా దగ్గర కీ లేదు' అని కూడా రాసుండాది. అది నొక్కు."

నొక్కాను. ఏ రకం కావాలని అది అడగనే లేదు, తనంతట తానే హోమ్ ఎక్కింది. అంతా అయ్యాక ఆవిడ ఫోన్ నుంచి ఇంటర్నెట్ ఇచ్చారు. సెట్టింగ్స్ తెరిచి చూస్తే యాక్టివేట్ అయిందని ఉంది. కీ కొట్టలేదు, ఎవరినీ అడగలేదు. దానంతట అదే అయింది.

"మరి పోయిందంటివే?" అన్నారు రూతమ్మ గారు.

తల కొట్టేసినట్టయింది. టీ కూడా తాగకుండా వచ్చేశాను. ఇంటికొచ్చి నాలుగు రోజులు కూర్చుని చదివితే సంగతి బోధపడింది. లైసెన్సు డిస్కులో ఉండదు. ఉండేది మదర్‌బోర్డులో. నేను ఏళ్ళ తరబడి చెప్పింది శుద్ధ తప్పు.

ఇప్పుడు అసలు తప్పు చెబుతాను. ఆ రోజు బనగానపల్లె నుంచి వస్తుంటే బస్సులోనే నాకు మంగంపేట కాటా గుర్తొచ్చింది. ఎర్రగుడ్డ సంగతి తెలియదు గానీ, ఆయన డిస్కును రెండు చేతులతో పుచ్చుకోవడం గుర్తొచ్చింది. వెళ్ళి సరిచేయాలి అనుకున్నాను. దూరమనుకున్నాను. అటువైపు పని తగిలినప్పుడు చూద్దామనుకున్నాను. పోనీ ఒక ఫోన్ చేసినా సరిపోయేది, అదీ చేయలేదు. నేను చెప్పింది తప్పు అని నా నోటితో చెప్పడానికి ముఖం చెల్లలేదు. అలా ఆరు నెలలు గడిపేశాను.

ఓబులేసు ఫోను

ఆరు నెలల తర్వాత ఒక బుధవారం పొద్దున్నే ఫోన్ మోగింది.

"సార్, నేను మంగంపేట కాటా ఓబులేసును మాట్లాడతాండా."

"చెప్పప్పా. మళ్ళీ చచ్చిందా?"

"కంప్యూటరు బాగానే ఉండాది సార్. ఆ డిస్కు కనపల్లేదు. మీరు జాగ్రత్తగా పెట్టమన్యారే, అది."

ఏం జరిగిందంటే, మిల్లు పొడి కొనే మద్రాసు కంపెనీ వాళ్ళు తనిఖీకి వస్తున్నామని కబురు పెట్టారు. కాటా సరిగా ఉండాలి, కంప్యూటరులో అన్నీ అసలైనవే ఉండాలి. గంగిరెడ్డి గారు ధీమాగా, లైసెన్సు మా దగ్గర భద్రంగా ఉంది అనుకుని తొమ్మిది రోజుల కింద గూడు తెరిపించారు. గుడ్డ లేదు, డిస్కు లేదు. తాళంచెవి ఉండేది ఓబులేసు దగ్గర.

"నేనే అమ్ముకున్న్యానని ఆయప్ప అంటాండాడు సార్. శనివారం లోపల తెచ్చిస్తే సరి, లేకుంటే తాళాలిచ్చేసి పొమ్మన్యాడు. పోతే పోతిని, కూలికన్నా పోతా. కాటా కాడ దొంగని పేరొస్తే మాత్రం ఇంగ యా కాటా కాడా నన్ను కూర్చోనీరు. పంతొమ్మిదేండ్లయ సార్ ఈడ. ఒక్క కేజీ ఇట్లా అట్లా పోనీలే."

"ఓబులేసూ, ఆ డిస్కు దొరకకపోయినా ఏం కాదప్పా. దాంట్లో ఏమీ లేదు."

అవతల లారీ హారను మోగుతోంది.

"ఏమీ లేదా సార్?"

"లేదు. నేను తప్పు చెప్పింటి."

"ఆ మాట ఆయప్పకు మీరొచ్చి చెప్పాల సార్. నేను చెప్తే, తప్పిచ్చుకునేదానికి చెప్తాండాడు అనుకుంటాడు."

శుక్రవారం తెల్లవారి మొదటి బస్సు ఎక్కాను. సంచిలో రూతమ్మ గారి పద్ధతిలో కొత్తగా చేసుకున్న పెన్‌డ్రైవు, మంగంపేటలో డిస్కు మార్చిన ఏడాది నోటుబుక్కు. కడపలో బస్సు మారేటప్పుడు, వెనక్కి పోదామా అని నిజంగానే అనిపించింది. సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

చదివి వినిపించాను

కాటా గది బయట ఐదారు లారీలు ఆగి ఉన్నాయి. డ్రైవర్లు అరుగు మీద కూర్చున్నారు. గంగిరెడ్డి గారు లోపలే ఉన్నారు.

"ఏమప్పా, పిలవకుండానే వచ్చినావే?"

"పిలవకుండా రావాల్సిన పనే రెడ్డిగారూ. ఆ పొద్దు మీకొక మాట చెప్పింటి. అది తప్పు."

ఓబులేసు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. నేను నోటుబుక్కు తీసి ఆ పేజీ పైకి చదివాను. "స్టిక్కరు మీద: హోమ్. పాత డిస్కు చచ్చింది. కొత్తది వేశాను. ప్రో ఎక్కించాను. చెప్పింది: లైసెన్సు పాత డిస్కులో ఉండిపోయింది, దాన్ని జాగ్రత్తగా పెట్టుకోండి." చదివి, ఆ పేజీ ఆయన ముందు పెట్టాను. "లైసెన్సు డిస్కులో ఉండదు. ఈ పెట్టెలోనే, బోర్డులోనే ఉండాది. అది హోమ్ లైసెన్సు, నేను ప్రో ఎక్కించినా. అందుకే ఒప్పుకోలేదు. తప్పంతా నాదే. ఆ డిస్కు ఎవరు తీసుకున్యా వాళ్ళకు దాంట్లో దొరికేది ఏమీ లేదు."

"అంటే రెండు దసరాలు నేను పాత ఇనుముకు టెంకాయ కొట్టినానా?"

అరుగు మీద ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన నవ్వలేదు.

"అప్పుడు తెలీక చెప్పినావా, తెలిసే చెప్పినావా?"

ఈ ప్రశ్న వస్తుందని బస్సంతా భయపడుతూనే ఉన్నాను. "అప్పుడు తెలీక. కానీ ఆరు నెల్లాయ నాకు తెలిసి. చెప్పకుండా ఊరికే ఉన్న్యా."

ఆయన నా ముఖంలోకి చూసి, "చేసి చూపిచ్చు" అన్నారు.

ముందు కాటా సమాచారమంతా వేరే డ్రైవులోకి తీసుకున్నాను. పెట్టె తెరిచి దుమ్ము ఊదాను. కంప్యూటరు ఆగింది కాబట్టి ఓబులేసు బరువు చూపించే కాటా డబ్బా మీది అంకె చూసి చేత్తో చీటీలు రాయడం మొదలుపెట్టాడు. దొంగ అని ముద్ర పడబోతున్న మనిషి, ప్రతి చీటీకీ అంకె రెండుసార్లు పైకి చదివి డ్రైవరుకు చూపించి మరీ ఇచ్చాడు. హోమ్ ఎక్కింది. కాటా ప్రోగ్రాము మళ్ళీ వేశాను. నా ఫోన్ నుంచి ఇంటర్నెట్ ఇచ్చి, యాక్టివేషన్ పేజీ తెరిచాను.

కాలేదు.

ఓబులేసు రాయడం ఆపేశాడు. మళ్ళీ నొక్కాను. మళ్ళీ కాలేదు. ఇంత దూరం వచ్చి, అందరి ముందూ ఇంత మాట అని, ఓబులేసును ఇంకా లోతుగా ముంచానా అనిపించింది. అప్పుడు, రూతమ్మ గారి పుణ్యం, స్క్రీను మీద ఉన్నదంతా ఒక మూల నుంచి చదవడం మొదలుపెట్టాను. కుడిపక్క కింద తేదీ ఎన్నో ఏళ్ళ వెనకటిది ఉంది. లోపలి చిన్న బ్యాటరీ సెల్లు నీరసించి, కరెంటు తీయగానే గడియారం వెనక్కి పోయింది. తేదీ తప్పుంటే అవతలి సర్వరు మన మాట నమ్మదు. తేదీ సరిచేసి మళ్ళీ నొక్కాను.

అయింది. మూలలో బూడిద అక్షరాలు లేవు. గంగిరెడ్డి గారు వంగి ఆ మూలను వేలితో తుడిచి చూశారు.

ఆయన జేబులోంచి గూటి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టారు. అప్పటికే లాగేసుకున్నారన్నమాట. "సాయంత్రం దీపం పెట్టేటప్పుడు ఆ గూడు తుడువు. దుమ్ము పట్టిండాది" అని ఓబులేసుతో అని బయటికి వెళ్ళిపోయారు. పొరపాటయింది అని ఒక్క మాట అనలేదు. నాకు కోపం వచ్చింది. కానీ ఆ మాట అనాల్సినవాళ్ళలో నేను ఆయనకన్నా ముందున్నాను. అన్నాను. ఓబులేసు తాళంచెవి మొలతాడుకు ముడి వేసుకుంటూ విన్నాడు.

"మీరొచ్చినారు గదా సార్, శానా సంతోషం" అన్నాడు. ముడి బిగించి మళ్ళీ అన్నాడు. "కానీ ఆర్నెల్ల కింద ఒక్క ఫోను కొట్టింటే, నేనీ పదకొండు దినాలు కడుపునిండా అన్నం తింటాంటి."

ఇంతకీ లైసెన్సు ఉండేది ఎక్కడ

మీరు నాలా బస్సు చూసుకుని సమాధానం చెప్పకుండా, తెలిసినంత ఇక్కడ రాస్తాను.

ఈ కాలపు కంప్యూటరు కొన్నప్పుడే విండోస్‌తో వస్తే, దాని లైసెన్సు మదర్‌బోర్డును పట్టుకుని ఉంటుంది. డిస్కు మార్చినా పోదు. అదే రకం ఎక్కించి, కీ లేదని చెప్పి, ఇంటర్నెట్ ఇస్తే చాలు. హోమ్ ఉన్నచోట ప్రో ఎక్కిస్తే మాత్రం ఒప్పుకోదు. పాత డిస్కు ఇంకా బతికి ఉంటే దాన్ని ఉన్నదున్నట్టు కొత్తదానిలోకి కాపీ చేసుకోవడం ఇంకా సుఖం. మదర్‌బోర్డే మార్చాల్సి వస్తే అది వేరే కథ. పెట్టెతో వచ్చిన లైసెన్సు సాధారణంగా ఆ బోర్డుతోనే ఆగిపోతుంది. విడిగా కొన్న లైసెన్సయితే పాత మిషన్లో తీసేసి కొత్తదానికి మార్చుకోవచ్చు, దానికి ముందే విండోస్ కంపెనీ దగ్గర కస్టమరుకున్న అకౌంటుతో కలిపి పెడితే పని తేలిక. పాతకాలం స్టిక్కరు కీలు ఉన్నచోట, బొట్టు పడకముందే నోటుబుక్కులో రాసి పెట్టుకోండి.

ఇక దొంగ విండోస్ సంగతి. ఎక్కించని మెకానిక్కు మన కర్నూలు, కడప జిల్లాల్లో ఉంటే నాకు చూపించండి, దండం పెడతాను. నేనూ ఎక్కించాను. అయితే ఒక్కటి ఆలోచించండి. అసలు లైసెన్సు లోపలే పెట్టుకుని ఉన్న కంప్యూటర్లకు, చూసే ఓపిక లేక దొంగది ఎక్కించినవి ఎన్నో. వాళ్ళ సొత్తు వాళ్ళకు ఇవ్వకుండా దొంగసొత్తు ఇచ్చాం. ఇది బద్ధకం, ఇంకేమీ కాదు.

ఈ వివరాలు కూడా రేపు మారతాయి. మారితే నేను రాసింది తప్పవుతుంది. అప్పుడు నన్ను తిట్టుకోండి గానీ, మీ కస్టమరుకు ఫోన్ చేసి చెప్పండి.

ఎర్రగుడ్డ

ఆ తనిఖీ వాళ్ళు వచ్చారు, కాటా గదిలో రెండు నిమిషాలు నిలబడ్డారు, నిమ్మకాయ నీళ్ళు తాగి పోయారు. ఓబులేసు అక్కడే ఉన్నాడు, ఇప్పటికీ ఉన్నాడు.

ఇంటికొచ్చాక నేను పాత నోటుబుక్కులన్నీ ముందేసుకుని, 'చెప్పింది' అని ఉన్న పంక్తులన్నీ చదివాను. లైసెన్సు పోయిందని చెప్పిన ప్రతి పేరుకూ ఫోన్ చేశాను. కొందరు ఆ కంప్యూటరే లేదన్నారు. కొందరు నవ్వారు. ఒకాయన బాగా తిట్టాడు. రూతమ్మ గారికి కూడా చేసి జరిగిందంతా చెప్పాను. "ఇప్పుడన్నా చదివినావు" అన్నారు.

మరుసటి ఏడాది కాటా గదికి సున్నం వేయించారు. సున్నం వేసేవాళ్ళు పూజగూట్లోని అడుగుచెక్క ఊడదీస్తే, చెక్కకూ గోడకూ మధ్య సందులో ఎర్రగుడ్డ మూట కనిపించింది. ఎలుక లాగిందో, జారి పడిందో ఎవరికీ తెలియదు. ఓబులేసు వెంటనే నాకు ఫోన్ చేశాడు.

"సార్, దొరికింది!"

ఆ గొంతులో అంత సంతోషం నేనెప్పుడూ వినలేదు. దాంట్లో ఏమీ లేదని తెలిసినా సరే. తాను తీయలేదని ఇప్పుడు గోడే సాక్ష్యం చెప్పింది.

"రెడ్డిగారికి చూపిచ్చినావా?"

"మొట్టమొదట ఆయప్పకే చూపిచ్చినా. శాన్సేపు చేతిలో పట్టుకోని చూసినాడు. 'నిన్ను శానా మాటలంటి ఓబులేసూ' అన్యాడు సార్."

"మంచిది. మరి డిస్కు యాడ పెట్టినారు ఇప్పుడు? మళ్ళీ గూట్లోనేనా?"

"లేదు సార్. 'ఇంగ మనకెందుకు, ఆ మాట చెప్పినోనికే పంపీ' అన్యాడు. కర్నూలుకు పోయే లారీలో పెట్టి పంపిస్తాండా."

వచ్చింది. ఎర్రగుడ్డ విప్పి చూస్తే స్క్రూ సందుల్లో పసుపు గట్టిగా ఎండిపోయి ఉంది. ఇప్పుడు ఇది రాస్తున్న బల్ల మీదే ఉంది. పిల్లలెవరైనా ఫోన్ చేసి నాకు తెలియనిది అడిగితే దానికేసి చూసి, "నాకు తెలీదు నాయనా, కనుక్కుని చెప్తా" అంటాను. కనుక్కున్నాక ఫోన్ చేస్తాను.